నలభై ఏళ్ల సాధన మతిమరుపులో కొట్టుకుపోతుందా? జీవుడు సంపాదించుకున్నది ఎక్కడ ఉంటుంది?

నిడదవోలు కూతురు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మా నాన్నగారికి 79 ఏళ్లు. హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, చన్నీళ్ల స్నానం చేసి, గంటసేపు జపం, తర్వాత గీతలో ఒక అధ్యాయం, పోతనగారి భాగవతంలో నాలుగు పద్యాలు అయితే గాని కాఫీ ముట్టుకునేవారు కాదు. జ్వరం వచ్చినా మానలేదు. మా అమ్మ పోయినప్పుడు మైల రోజుల్లో పుస్తకం ముట్టుకోలేదు గాని, అరుగు మీద కూర్చుని లోపల్లోపల పెదవులు కదుపుతూనే ఉన్నారు. ఆ సాధన ఆయన్ని మార్చడం నేను కళ్లారా చూశాను. మా చిన్నప్పుడు ఆయనకి కోపం ఎక్కువ, బెత్తం తీసేవారు. నేను డిగ్రీకి వచ్చేసరికి ఆయన గొంతు పెంచగా విన్న గుర్తే లేదు.

మూడేళ్ల క్రితం మతిమరుపు మొదలైంది. డాక్టర్లు అల్జీమర్స్ అన్నారు. ఇప్పుడు నన్ను గుర్తుపట్టరు, "ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు మీది" అంటారు. దానికి అలవాటు పడిపోయాను. నేను తట్టుకోలేకపోయింది వేరే. పగలంతా ఆయన్ని చూసుకోవడానికి ఒక అమ్మాయి వస్తుంది. పోయిన నెల స్నానానికి లేపబోతే ఆ పిల్లని కులం పేరు పెట్టి తిట్టారు. అలాంటి మాట మా నాన్న నోట నా జన్మలో వినలేదు. ఆ పేట పిల్లల్ని ఇంటికి పిలిచి, మా పక్కనే కూర్చోబెట్టి అన్నం పెట్టి, టెన్త్ పరీక్షలకి చదివించిన మనిషి ఆయన.

అదే రాత్రి నిద్ర పట్టక ఆయన మంచం పక్కన కూర్చుని గజేంద్రమోక్షంలో "లావొక్కింతయు లేదు" అని మొదలుపెట్టాను. మిగతా పద్యమంతా ఒక్క అక్షరం తప్పకుండా చెప్పేశారు. చెప్పి, నావైపు తిరిగి "ఎవరు నువ్వు?" అన్నారు. ఆ పద్యం చెప్పింది ఆయన ఆత్మా, లేక లోపల తిరుగుతున్న క్యాసెట్టా? పొద్దున తిట్టింది ఎవరు మరి?

నా ప్రశ్న ఏమిటంటే, ఆత్మ పుట్టదు, చావదు, పెరగదు, తరగదు అని గీత రెండో అధ్యాయంలోనే ఉంది. అలాంటప్పుడు ఆధ్యాత్మికంగా ఎదగడం అంటే ఎదిగేది ఏది? మనసే అంటారా, ఆ మనసు నా కళ్ల ముందే కరిగిపోతోంది. ఇంకో భయం కూడా ఉంది. చివరి క్షణంలో ఏది తలచుకుంటే దాన్నే పొందుతాడు అని ఎనిమిదో అధ్యాయంలో ఉంది కదా. ఏదీ తలచుకోలేని మనిషి సంగతి ఏమిటి? జింకని తలచుకుంటూ పోయిన భరతుడు జింకై పుట్టాడు. మా నాన్న ఆ తిట్టు నోట్లో ఉండగా పోతే?

తెలిసినవాళ్లు చెప్పండి. ఓదార్చకపోయినా ఫర్వాలేదు, నిజం అనుకున్నదే చెప్పండి.

అరుణగిరి:

మీరు అడిగినదాంట్లో మొదటి సగానికి శంకరుల సంప్రదాయంలో సూటిగా జవాబు ఉంది, అది చెబుతాను. ఆత్మ ఎదగదు, మీరన్నది నిజమే. జీవుడు అనే మాటకి అర్థం ఆత్మ ఒక్కటే కాదు. సూక్ష్మశరీరంలో ప్రతిఫలించిన చైతన్యాన్ని జీవుడు అంటారు. సూక్ష్మశరీరం అంటే జ్ఞానేంద్రియాలు అయిదు, కర్మేంద్రియాలు అయిదు, ప్రాణాలు అయిదు, మనసు, బుద్ధి, మొత్తం పదిహేడు. సాధనతో శుభ్రపడేది, వాసనలు, అంటే వెనకటి అనుభవాలు లోపల వదిలిన ముద్రలు, పలచబడేది అక్కడ. లోటాలో నీళ్లు తేరుకుంటే సూర్యుడు స్పష్టంగా కనిపిస్తాడు, అంతమాత్రాన సూర్యుడు ఎదిగినట్టు కాదు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. మెదడూ మనసూ ఒకటే అనుకుంటారు. శాస్త్రంలో ఇంద్రియం వేరు, గోళకం వేరు. కంటిగుడ్డు గోళకం, చూసే శక్తి ఇంద్రియం. కంట్లో శుక్లం పడితే గోళకం చెడిందంటాం, ఆపరేషన్ చేస్తే మళ్లీ చూస్తాడు, చూసే శక్తిని ఎవరూ కొత్తగా తెచ్చి పెట్టలేదు. మెదడు స్థూలశరీరంలోది, రేపు కట్టెల్లో కాలిపోయేది. మనసు దానితో పనిచేయించుకుంటుంది, అంతే. మీ నాన్నగారికి చెడింది గోళకం.

ఇంకోటి, రోజూ మనందరికీ జరిగేదే చూడండి. గాఢనిద్రలో వేదం చదివినవాడికీ ఓనమాలు రానివాడికీ తేడా లేదు. ఇద్దరికీ పేరు కూడా గుర్తుండదు. పొద్దున్నే లేచేసరికి చదివినవాడు చదివినవాడిగానే లేస్తాడు. ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకి ఇదే చెబుతాడు, పులి గాని సింహం గాని తోడేలు గాని, సత్తులో, అంటే అన్నిటికీ మూలమైన ఉనికిలో, కలిసి తిరిగి వచ్చినప్పుడు ఏది ఏదిగా ఉండేదో అదే అవుతుందని. జ్ఞాపకం లేకపోయినంత మాత్రాన సంపాదన పోయినట్టు కాదు, విత్తనంలా ఉంటుంది. మీ నాన్నగారి నలభై ఏళ్లు అలా ఉన్నాయి.

నిడదవోలు కూతురు:

చాలా థాంక్సండి, గోళకం సంగతి నాకు తెలియదు. కానీ ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. శుక్లం పడినవాడికి తనకి కనబడటం లేదని తెలుసు. మా నాన్నకి తను మర్చిపోయానని కూడా తెలియదు. చూసేవాడే చెదిరిపోతున్నట్టుంది నాకు. నిద్ర పోలిక కూడా అంతే, నిద్రలో ఎవరూ ఎవర్నీ తిట్టరు. ఆయన మెలకువగా ఉండి ఇంకొక మనిషిలా ఉన్నారు. గోళకం చెడితే పని ఆగిపోవాలి గాని ఈ కొత్త మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు?

వార్డు నర్సు:

చెల్లీ, నాకు శాస్త్రం తెలియదు. ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో పనిచేశాను, మా అత్తగారికి ఇదే జబ్బు వస్తే ఏడేళ్లు ఇంట్లో పెట్టుకుని చూశాను. అందుకని ముందు అసలు పని చెబుతాను. కోపం ఒక్కసారిగా పెరిగిందంటే వెంటనే యూరిన్ టెస్ట్ చేయించు. పెద్దవాళ్లకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే చాలాసార్లు జ్వరమూ రాదు, మంటా చెప్పలేరు, మనిషి మాత్రం రెండు రోజుల్లో తిక్కతిక్కగా అయిపోతాడు. విరేచనం సాఫీగా అవుతోందా, పన్ను నొప్పి ఏమైనా ఉందా, చెవి వినబడుతోందా చూడు. ఈ జబ్బు ఉన్నవాళ్లు నొప్పిని మాటల్లో చెప్పలేరు, తిట్టుగా చెబుతారు. సాయంత్రం పూట ఎక్కువ అవుతుంటే చీకటి పడకముందే గదిలో లైట్లు వెయ్యి, నీడలు చూసి భయపడతారు. స్నానం ఆయనకి దాడిలా అనిపిస్తుంది, ఎవరో తెలియని మనిషి బట్టలు విప్పుతుంటే మనమైనా ఊరుకోం కదా. ముందు చేతి మీద గోరువెచ్చని నీళ్లు పోసి చూపించి, తువ్వాలు కప్పి ఉంచి, మెల్లగా చేయించాలి.

పద్యం సంగతి. ఈ జబ్బులో ముందు పోయేది నిన్నమొన్నటి జ్ఞాపకం. చిన్నప్పుడు వల్లెవేసినవీ, పాటలూ, రోజూ చేసిన పనులూ చాలాకాలం నిలబడతాయి. మా అత్తగారు కొడుకు పేరు మర్చిపోయాక కూడా ముగ్గు పెట్టేవారు, చుక్క తప్పేది కాదు. కాబట్టి పద్యం వచ్చినంత మాత్రాన ఆత్మ పలికిందని నేను చెప్పలేను, నువ్వు నిజం చెప్పమన్నావు కాబట్టి ఈ మాట అంటున్నాను. అలాగే తిట్టు వచ్చినంత మాత్రాన అదే అసలు మనిషి అని కూడా అనకు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం మన నోటిని అదుపులో పెడుతుంది. అది దెబ్బతింటే ఎప్పుడో వీధిలో చెవిన పడ్డ మాట కూడా బయటికి వచ్చేస్తుంది. పూజారుల దగ్గర విన్నాను, టీచర్ల దగ్గర విన్నాను, ఎవరినీ దాన్ని బట్టి కొలవలేదు.

నేను చూసిన ఇంకొకటి కూడా చెబుతాను. జరిగింది మర్చిపోతారు గాని, జరిగినప్పుడు కలిగిన భావం ఉండిపోతుంది. పొద్దున కసిరితే, కసిరారని గుర్తుండదు, మధ్యాహ్నం దాకా ముఖం మాత్రం ముడుచుకునే ఉంటుంది. నువ్వు పక్కన కూర్చుని ప్రేమగా మాట్లాడితే నువ్వెవరో తెలియకపోయినా ఆ సాయంత్రం నెమ్మదిగా ఉంటారు. అది ఎక్కడ దాచుకుంటున్నారో నాకు తెలియదు, పేరు మీ పండితులే పెట్టుకోండి.

ఒకటి అడగాలి. తిట్టు తిన్న ఆ అమ్మాయికి మీ ఇంట్లో ఎవరైనా క్షమాపణ చెప్పారా? నీ పోస్టంతా నాన్నగారి ఆత్మ గురించే ఉంది. దెబ్బ తగిలింది ఆ పిల్లకి.

శ్రీరంగం దారి:

తల్లీ, మాది శ్రీవైష్ణవ కుటుంబం, నాకు డెబ్భై దాటాయి. నేను పండితుణ్ణి కాదు, మా తాతగారి దగ్గర కూర్చుని విన్నది చెబుతాను. నర్సమ్మగారు చివర అడిగిన ప్రశ్న ముందు చూసుకో, ఆ తర్వాత ఇది చదువు.

నువ్వు అరుణగిరి గారిని అడిగావే, చూసేవాడే చెదిరిపోతున్నట్టుందని. మా సంప్రదాయంలో దానికి ఒక మాట ఉంది, ధర్మభూత జ్ఞానం. జీవుడు అణువు, ఎప్పుడూ మారడు. అతని స్వరూపమే జ్ఞానం. అది కాక, దీపానికి వెలుగు ఉన్నట్టు అతన్ని అంటిపెట్టుకుని ఇంకొక జ్ఞానం ఉంటుంది, దానితోనే లోకాన్ని తెలుసుకుంటాడు. దీపం గది మూల ఒకేచోట ఉంటుంది, వెలుగు గదంతా పరుచుకుంటుంది. దీపం మీద కుండ బోర్లిస్తే వెలుగు కుండలోకి ముడుచుకుంటుంది, దీపం మాత్రం అంతే ఉంటుంది. ఈ ముడుచుకోవడాన్ని సంకోచం అంటారు, విప్పారడాన్ని వికాసం. కర్మని బట్టి చెట్టులో ఉన్న జీవుడికి ఆ జ్ఞానం దాదాపు పూర్తిగా ముడుచుకుని ఉంటుంది, మనిషిలో కొంత విప్పారుతుంది, మోక్షంలో అడ్డే లేకుండా పరుచుకుంటుంది. నువ్వు ఎదుగుదల అంటున్నది ఈ వికాసమే. ఎదిగేది ఏది అన్నావు కదా, జీవుడి స్వరూపం ఎదగదు, అతని వెలుగు ఎదుగుతుంది. రామానుజులు ఈ సంగతి మీద అంత పట్టుపట్టింది ఎందుకంటే, ఎదుగుదల భ్రమ కాదు నిజం అనాలి, అదే సమయంలో ఆత్మ మారదన్న శ్రుతి వాక్యమూ నిలబడాలి. మీ నాన్నగారి మీద ఇప్పుడు కుండ బోర్లించి ఉంది. కుండలోంచి వచ్చే చప్పుడు విని దీపం పాడైందనుకోకు.

ఇక నీ అసలు భయం. చివరి క్షణం. ఆ భయం నీకొక్కదానికే కాదు తల్లీ, మన రామదాసుగారికీ ఉంది. దాశరథీ శతకంలో ముప్పున కాలకింకరులు వాకిట్లోకి వచ్చి, కఫం కుత్తుక నిండి, బంధువులు చుట్టూ మూగిన వేళ నీ స్మరణ "కల్గునో కల్గదో నాటికిప్పుడే తప్పక చేతు మీ భజన" అన్నాడు. మీ నాన్నగారు తెలుగు పండితులు, ఈ పద్యం ఎన్ని క్లాసుల్లో చెప్పి ఉంటారో ఆలోచించు. ఆయన నాలుగున్నరకి లేచింది దేనికి? ఆ రోజుకి చేయాల్సింది ముందే చేసి పెట్టారు.

మరి ముందు చేసింది అప్పుడు చెల్లుతుందా అంటావేమో. మేము చరమ శ్లోకాలని, అంటే భగవంతుడు తనవాళ్లకి ఇచ్చిన కడపటి అభయాలని, మూడు చెప్పుకుంటాం, రాముడిది ఒకటి, కృష్ణుడిది ఒకటి, వరాహస్వామిది ఒకటి. తిరుమలలో ముందు వరాహస్వామిని చూసి తర్వాత శ్రీనివాసుణ్ణి చూడాలంటారే, ఆ స్వామి. ఆయన చెప్పింది ఇది. మనసు స్వస్థంగా ఉండి, ఒళ్లు సరిగ్గా ఉండి, ధాతువులు సమంగా ఉన్నప్పుడు ఎవడు నన్ను తలచుకుంటాడో, అతను పోయే వేళ కట్టెలా రాయిలా పడి ఉంటే "అహం స్మరామి మద్భక్తం", నా భక్తుణ్ణి నేను తలచుకుంటాను, పరమగతికి నేను తీసుకుపోతాను. కాష్ఠ పాషాణ సన్నిభం అని స్పష్టంగా ఉంది, అంటే తలచుకునే శక్తి లేనివాడి గురించే ఈ మాట. తలచుకునే పని అప్పుడు మనది కాదు.

భరతుడి కథ నువ్వు సగమే చెప్పావు. ఆంధ్ర భాగవతంలో అయిదో స్కంధం, పోతన కాదు గంగన తెలిగించాడు. జింకగా పుట్టిన భరతుడికి తన వెనకటి సంగతి పోలేదు, తల్లి జింకని వదిలి తను తపస్సు చేసుకున్న చోటికే తిరిగి వెళ్లాడు. తర్వాతి జన్మలో జడభరతుడయ్యాడు. ఊరంతా మొద్దు అనుకున్నారు, రహూగణ మహారాజు పల్లకీ మోయించాడు, ఆ మొద్దే రాజుకి ఆత్మజ్ఞానం చెప్పాడు. పైకి జడంగా కనిపించేవాడి లోపల ఏముందో పక్కనున్నవాళ్లకి తెలియలేదు.

పుదుచ్చేరి పాఠకుడు:

పెద్దాయన చెప్పినదానికి నమస్కారం. నేను ఇంకోవైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్న యొక్క ఇంకో సగం, అంటే ఒక్కొక్క మనిషిలో జీవుడు ఎలా రూపు దిద్దుకుంటాడు అన్నది, నాకు శ్రీ అరవిందుల దగ్గరే తేటగా దొరికింది. ఆయన 1910లో పుదుచ్చేరి వచ్చి, 1914 నుంచి ఆర్య పత్రికలో రాస్తూ వచ్చారు, తర్వాత శిష్యులకి ఉత్తరాల్లో ఈ విషయం చాలాసార్లు విడమరిచారు. ఆయన లెక్కలో జీవాత్మ పైన ఉంటుంది, పుట్టదు, మారదు, గీత చెప్పింది దాని గురించి. దాని తరఫున కిందికి దిగి జన్మల్లోకి వచ్చేది ఒక నిప్పురవ్వ లాంటిది. రవ్వ అన్ని ప్రాణుల్లోనూ ఉంది. మనిషి దశకి వచ్చాక ఆ రవ్వ చుట్టూ జన్మ జన్మకీ ఒక వ్యక్తిత్వం ఏర్పడుతుంది, దాన్ని చైత్య పురుషుడు అన్నారు. హృదయం వెనక ఉంటాడు. ఎదిగేది అతను.

ఎలా ఎదుగుతాడు అన్నదే మీకు పనికొచ్చేది. అనుభవంలోంచి సారం మాత్రం తీసుకుంటాడు, వివరం వదిలేస్తాడు. మీ నాన్నగారు ఎన్ని పద్యాలు చదివారు, ఏ అధ్యాయం ఎన్నిసార్లు తిప్పారు, అవన్నీ వివరాలు. బెత్తం పట్టుకున్న మనిషి బెత్తం వదిలేశాడే, అది సారం. అది ఆయన లోపల ఎప్పుడో చేరిపోయింది, చేరిన చోటికి ఈ జబ్బు రాదు.

ఇంకోలా ఆలోచించండి. అల్జీమర్స్ రాకపోయినా మరణంలో అందరి జ్ఞాపకాలూ పోవలసినవే. పుట్టిన బిడ్డకి వెనకటి జన్మలో తన కూతురి పేరు గుర్తుండదు, అయినా కొందరు పిల్లలు అయిదేళ్లకే ఎందుకో ఒకవైపు మొగ్గుతారు. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు ఇదే భయంతో అడుగుతాడు, యోగం మధ్యలో చెదిరినవాడు చెదిరిన మేఘంలా నాశనమైపోతాడా అని. మంచి చేసినవాడెవడూ దుర్గతి పాలు కాడు నాయనా అని కృష్ణుడు జవాబు చెప్పి, ముందటి దేహంలో సంపాదించిన బుద్ధిని మళ్లీ అందుకుంటాడని అంటాడు. బుద్ధి అన్నాడు, జ్ఞాపకాలు అనలేదు. జ్ఞాపకాలే ఆస్తి అయితే యోగభ్రష్టుడికి కూడా ఏమీ మిగలకూడదు కదా. మీ నాన్నగారికి వదిలేయవలసినవి ముందుగా వదులుతున్నాయి, చూసేవాళ్లకి అది నరకంలా ఉంటుంది, నేను కాదనను.

అరుణగిరి:

పుదుచ్చేరి పాఠకుడు గారు చైత్య పురుషుడు అన్నదాన్ని మేము సూక్ష్మశరీరంలో సంస్కారాలు అంటాం, పేరులో పేచీ పెట్టను. మా దగ్గర ఎంత ఎదిగినా చివరికి ఆ వ్యక్తి కూడా కరగాలి, వాళ్ల దగ్గర నిలుస్తాడు, తేడా అక్కడుంది. నిడదవోలు అమ్మాయి గారూ, కొత్త మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు అన్నారు, నేను మొదటి జవాబులో దాన్ని సరిగ్గా పట్టించుకోలేదు. ఒక సంగతి చెబుతాను. 1922 మే 19న రమణ మహర్షి తల్లిగారు అళగమ్మాళ్ పోయారు. ఆ రోజు చాలా గంటలు ఆయన ఒక చెయ్యి తల్లి గుండె మీద, ఒకటి తల మీద పెట్టి కూర్చున్నారు. లోపలి వాసనలు ఒక్కొక్కటే పైకి లేచి అణగడం జరిగిందని తర్వాత చెప్పారు. వాసనలు పైకి లేవడం అంటే అవి కొత్తగా పుట్టాయని కాదు, ఖాళీ అవుతున్నాయని కూడా అనుకోవచ్చు. మీ నాన్నగారి విషయంలో అదే జరుగుతోందని చెప్పడానికి నేనెవర్ని. పక్కన చెయ్యి పెట్టి కూర్చోవడం మాత్రం మనం కూడా చేయగలం.

కృష్ణ ఒడ్డు:

నేను బౌద్ధం చదువుతాను, ఎదిగే ఆత్మ గాని ఎదగని ఆత్మ గాని ఉందని నమ్మను, అయినా ఈ థ్రెడ్ చూసి ఊరుకోలేకపోయాను. మిలింద మహారాజు నాగసేన భిక్షువుని అడుగుతాడు, పుట్టినవాడూ పెద్దయినవాడూ ఒకడేనా వేరువేరా అని. రాత్రంతా వెలిగే దీపం ఉంది, మొదటి జాము మంటా చివరి జాము మంటా ఒకటేనా అని నాగసేనుడు ఎదురు అడుగుతాడు. ఒకటీ కాదు, వేరూ కాదు. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వెలుగుతుంది. పెద్దాయన చెప్పిన దీపానికి లోపల మారని దీపం ఉంది, మా దీపానికి మంటే ఉంది.

అక్కా, ఆ తిట్టు మీ నాన్నగారి లోతుల్లోంచి వచ్చిందని మీరు భయపడుతున్నారు. ఆయన పుట్టిన కాలంలో ఏ పల్లెలోనైనా ఆ మాట గాలిలో ఉండేది, అమ్మ ఒళ్లో పిల్లవాడి చెవిలో కూడా పడేది. ఆ మాట ఊరు పెట్టింది. దాన్ని నలభై ఏళ్లు నోటికి రానివ్వకుండా, దానికి ఎదురుగా ఆ పిల్లలకి అన్నం పెట్టించింది ఆయన అభ్యాసం. ఇప్పుడు కాపలా మనిషి అలిసి పడిపోయాడు. ఊరి మాట ఊరిదిగా బయటికి వచ్చింది. ఏది ఆయనది అని అడిగితే నేను ఆ అన్నం చూపిస్తాను. ఆయన ఎవరెవరికి పాఠం చెప్పారో వాళ్లలో ఆ మంట ఇప్పటికే అంటుకుంది, మీలో కూడా, లేకపోతే ఆ ఒక్క మాటకి మీరు నెల రోజులు నిద్ర పోగొట్టుకునేవారు కాదు.

అయితే నర్సమ్మగారు అన్నదే నేనూ అంటాను. ఆయనకి తెలియకుండా అన్నారన్నది మనకి కారణం. వినేవాళ్లకి ఆ మాట బరువు అంతే ఉంటుంది.

నిడదవోలు కూతురు:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, అందరూ క్షమించాలి.

అక్కా, యూరిన్ టెస్ట్ చేయించాను, ఇన్‌ఫెక్షన్ ఉంది. మందులు వాడాక అయిదారు రోజుల్లో ఆ ఉగ్రం తగ్గింది. నన్ను గుర్తుపట్టడం లేదు, అది మారలేదు. కానీ నెల రోజులుగా ఆయన నొప్పితో అరుస్తుంటే నేను పక్కన కూర్చుని ఆత్మ ఎక్కడుందని వెతుక్కున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఏడుపు వస్తోంది.

ఆ అమ్మాయికి నేను క్షమాపణ చెప్పలేదక్కా, మీరు అడిగే దాకా నాకు తట్టనే లేదు. "ఆయనకి తెలియదులే, పట్టించుకోకు" అని మాత్రం అన్నాను, అది క్షమాపణ కాదు. ఇప్పుడు వెళ్లి చెప్పాను. తను ఏమీ అనలేదు. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి, స్నానం పని మాత్రం చెయ్యనండి, మిగతావి చేస్తాను అంది. సరే అన్నాను, జీతం తగ్గించలేదు. స్నానం నేనే చేయిస్తున్నాను, మీరు చెప్పినట్టు ముందు చేతి మీద నీళ్లు పోసి.

ఇక అసలు ప్రశ్న. అన్నీ రెండు మూడుసార్లు చదివాను. అరుణగిరి గారి గోళకం నాకు ఇంకా పూర్తిగా ఒప్పుదల కాలేదు. బెత్తం వదిలేయడమే సారం అన్న మాట మా అన్నయ్యకి ఫోన్లో చదివి వినిపించాను, వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ బెత్తం దెబ్బలు ఎక్కువ తిన్నది వాడే. కృష్ణ ఒడ్డు గారూ, ఆత్మ లేదంటే నాకు కాళ్ల కింద నేల లేనట్టుంటుంది, కానీ అన్నం చూపిస్తాను అన్నారే, ఆ మాట దాచుకున్నాను.

పెద్దాయన గారూ, వరాహస్వామి మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి దేవుడి గదిలో పెట్టాను. మనసు స్వస్థంగా ఉన్నప్పుడు తలచుకున్నవాడు అని ఉంది కదా, ఆ షరతు మా నాన్న ఎప్పుడో తీర్చేశారు, దానికి నేనే సాక్షిని. ఒక సందేహం ఉంది. ఆయన పక్కన నేను ఇప్పుడు జపం చేస్తే అది ఆయనకి చెందుతుందా, లేక ఎవరిది వాళ్లదేనా? మీ సంప్రదాయంలో ఏమంటారో వీలైతే చెప్పండి.

ఇంకోటి చెప్పాలి. ఇన్నాళ్లూ నేను పద్యం మొదలుపెట్టి మధ్యలో ఆపేసేదాన్ని, ఆయన అందుకుంటారా లేదా అని పరీక్ష పెట్టినట్టు. అందుకున్న రోజు సంతోషం, అందుకోని రోజు దిగులు. ఈ వారం నుంచి ఆపడం మానేశాను. నేనే చివరి దాకా చదువుతున్నాను. ఒక్కోసారి ఆయన పెదవులు కదులుతాయి, ఒక్కోసారి నిద్రపోతారు.

అయిదున్నర అవుతోంది, ఆయన గదిలో లైట్లు వెయ్యాలి. మళ్లీ రాస్తాను.